కంపెనీ స్టీరియో కదపకుండా కారు సౌండ్ మార్చిన కేసు

ఈ కేసులో కారు ఒక పెట్రోల్ ఎస్‌యూవీ, ఇంకా వారంటీలోనే ఉంది. మోడల్ పేరు రాయడం లేదు. ఆ ధరలో దొరికే చాలా కార్లలో సౌండ్ సంగతి దాదాపు ఇదే కాబట్టి, పేరు రాస్తే ఇదేదో ఆ ఒక్క బండి కథ అనుకుంటారు. ఓనరు తెనాలిలో ఉండే రిటైర్డ్ లెక్చరర్. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను. కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది, విజయవాడ మీదుగా ఎన్‌హెచ్ 65 పట్టుకుని తరచూ వెళ్ళొస్తుంటారు. దారంతా పాత తెలుగు పాటలు, కచేరీలు వింటారు. సంగీతం బాగా తెలిసిన మనిషి.

ఆయన ఫిర్యాదు రెండు ముక్కల్లో చెప్పారు. “పాట పెడితే గొంతు నా కుడి మోకాలి దగ్గర్నుంచి వస్తోంది బాబూ. వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతోంది కానీ పాట పెరగట్లేదు.” కారు సౌండ్ గురించి ఇంత కచ్చితంగా చెప్పే కస్టమర్లు అరుదు. ఆ రెండు ముక్కల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిది స్పీకర్లు ఎక్కడున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి అన్నదానికి సంబంధించింది. రెండోది పవర్‌కీ, డెక్ (కారు స్టీరియో) లోపల కంపెనీ వాళ్ళు పెట్టిన ఈక్వలైజర్‌కీ, అంటే ఏ స్వరం ఎంత వినపడాలో సర్దే భాగానికీ సంబంధించింది.

మా దగ్గరికి రాకముందే ఆయనకి సలహాలు బాగానే అందాయి. డెక్ పీకేసి ఆండ్రాయిడ్ సెట్ వేయించుకోమన్నారు, డిక్కీలో పన్నెండు అంగుళాల బాస్ ట్యూబ్ పడేయమన్నారు. మాస్టారికి డెక్ తీయడం ఇష్టం లేదు. “స్టీరియో ముట్టుకోకుండా అవుతుందా, అవదా, అది చెప్పండి చాలు” అన్నారు.

అవుతుంది. అసలు ఇప్పటి కార్లలో డెక్ తీయడమే పొరపాటు అని నా అభిప్రాయం. ఒకప్పుడు డెక్ అంటే రేడియో, సీడీ. నాలుగు స్క్రూలు విప్పితే బయటికొచ్చేది, ఇంకోటి పెట్టేవాళ్ళం. ఇప్పుడు అదే స్క్రీన్ మీద రివర్స్ కెమెరా గీతలు, టైర్ ప్రెషర్, ఏసీ, డోర్ లాక్ సెట్టింగులు, స్టీరింగ్ బటన్లు అన్నీ ముడిపడి ఉంటాయి. అడాప్టర్లు పెట్టి కొన్ని నిలబెట్టుకోవచ్చు, అన్నీ రావు. పైగా డెక్‌లో పాట చదివే భాగం, ఫోన్‌తో కలిసే భాగం నిక్షేపంగా పనిచేస్తున్నాయి. బలహీనంగా ఉన్నది చివర్లో స్పీకర్లకి పవర్ ఇచ్చే భాగం, దాని ముందున్న ఈక్వలైజర్. ఆ రెంటికీ మందు డెక్ బయటే ఉంది.

పవర్ లెక్క ఒకసారి చూద్దాం. డెక్‌ల మీద “50 వాట్లు, 4 చానళ్ళు” అని రాసి ఉండటం అందరూ చూసే ఉంటారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్పీకర్ 4 ఓమ్‌లు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.8 వస్తుంది. ఆ 50 వాట్లు ఇవే. కానీ అంత పవర్ రావాలంటే సిగ్నల్ పైనా కిందా పూర్తిగా తెగిపోయి స్క్వేర్ వేవ్ అయిపోవాలి. పాట ఆ రూపంలో వస్తే వినలేం. శుభ్రమైన సైన్ వేవ్‌కి అందులో సగం, అంటే 26 వాట్లు, అదీ చిప్‌లో ఒక్క వోల్టు కూడా పోకపోతే. పోయేది పోగా చేతికొచ్చేది చానల్‌కి 18 నుంచి 20 వాట్లు. ఇంట్లో చిన్న గదికైతే ఇది చాలు. వందలో వెళ్తున్న కారులో టైర్ల హోరు మీద మృదంగం దెబ్బ వినపడాలంటే చాలదు.

ముందు కొలత

స్పీకర్లు కొనేముందు డెక్ ఏం పంపుతోందో చూడాలి. మా లైన్లో ఎక్కువమంది వదిలేసే పని ఇదే. కొత్త స్పీకర్లు పెట్టి, యాంప్ (స్పీకర్లకి పవర్ పెంచి ఇచ్చే పెట్టె) తగిలించి, సౌండ్ బాగోకపోతే ఇంకా ఖరీదైన స్పీకర్లు చూపిస్తారు. లోపలికి వచ్చే సిగ్నలే వంకరగా ఉంటే ఏ స్పీకరూ దాన్ని సరిచేయలేదు.

యూఎస్‌బీలో వేవ్ ఫైల్స్‌గా మూడు రకాల టెస్ట్ సిగ్నల్స్ వేసుకున్నాం: 1 కిలోహెర్ట్జ్ టోన్, పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు), కింద నుంచి పైదాకా పాకే స్వీప్. బ్లూటూత్‌లో కొలవకూడదు, అది పాటని కుదించి పంపుతుంది. డెక్‌లో బాస్, మిడ్, ట్రెబుల్ సున్నాలో పెట్టాం. సరౌండ్ ఎఫెక్ట్, స్పీడుని బట్టి వాల్యూమ్ మారే ఆప్షన్ రెండూ ఆపేశాం. ఆ తర్వాత డెక్ వెనక కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) దగ్గర ముందు స్పీకర్ వైర్ల మీద కొలిచాం. అక్కడుండే వోల్టేజ్ నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తే సౌండ్ కార్డు పోతుంది, మధ్యలో రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్. ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి దాన్ని మించింది అక్కర్లేదు.

సిగ్నల్ అల ఆకారాన్ని చూపించే ఆసిలోస్కోప్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ చూస్తూ వాల్యూమ్ పెంచుకుంటూ పోతే, 40కి 34 దగ్గర అల తల చదునుగా తెగడం మొదలైంది. అంటే 33 వరకు శుభ్రం. ఆపైన ఎంత పెంచినా పెరిగేది చెత్తే.

అసలు సంగతి స్వీప్‌లో బయటపడింది. వాల్యూమ్ మారుతున్నకొద్దీ గ్రాఫ్ ఆకారమే మారిపోతోంది. 10 దగ్గర 60 హెర్ట్జ్ చుట్టూ బాస్ 7 డీబీ (డెసిబెల్, శబ్దం తేడాని కొలిచే లెక్క) ఎత్తి ఉంది. 18 నుంచి 29 దాకా ఆకారం దాదాపు కదల్లేదు. 100 హెర్ట్జ్ దగ్గర ఒక గుబ్బ, 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఒక పల్లం, 8 దగ్గర మళ్ళీ ఎత్తు, ఇవి మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. 30 దాటగానే 80 హెర్ట్జ్ కింద కోత మొదలైంది. 34కి వచ్చేసరికి అక్కడ దాదాపు 10 డీబీ పోయింది.

మాస్టారు చెప్పిన రెండో ముక్కకి సమాధానం ఇదే. హైవే మీద పాట వినపడక ఆయన వాల్యూమ్ 30 దాటిస్తారు. ఆ క్షణం నుంచి డెక్ బాస్‌ని తీసేస్తూ మిగతాది పెంచుతుంది. ఇంకొంచెం పెంచితే సిగ్నల్ తెగుతుంది. పెరిగేది గోలే.

ఇందులో మోసం ఏమీ లేదు. కంపెనీ ఇచ్చే స్పీకర్లు తేలిక కాగితం కోన్లు, చిన్న అయస్కాంతాలు. పెద్ద వాల్యూమ్‌లో బాస్ కొయ్యకపోతే అవి చిరుగుతాయి. అలాగే తక్కువ వాల్యూమ్‌లో బాస్ ఎత్తడానికీ కారణం ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్వరాలు ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్‌సన్ 1933లో ఈ వంపుల్ని కొలిచి ప్రచురించారు. డెక్‌లో ఆ ఏర్పాటు ఆ జ్ఞానంతో చేసిందే. ఆ స్పీకర్లకి ఆ ఈక్వలైజర్ సరైన జోడీ. స్పీకర్లు మార్చినప్పుడే అది అడ్డమవుతుంది.

ఇక్కడే ఈ కేసు నడక తేలిపోయింది. డీఎస్‌పీలో, అంటే డెక్ తర్వాత సౌండ్‌ని సరిదిద్దే చిప్‌లో, పెట్టే దిద్దుబాటు ఒక్కటే ఉంటుంది, డెక్ మాత్రం వాల్యూమ్‌కో రకంగా మారుతుంది. కొంతమంది డెక్‌ని ఒక వాల్యూమ్‌లో కట్టేసి, డీఎస్‌పీకి వేరే నాబ్ పెట్టి దాంతో పెంచుకోమంటారు. అలా చేస్తే స్టీరింగ్ మీద బటన్లు దండగైపోతాయి, మనం డెక్ ఉంచిందే వాటి కోసం. నేను పట్టుకున్న దారి వేరు: డెక్ నిలకడగా ఉండేది 18 నుంచి 29 దాకా కాబట్టి, ఆయన వినే పాట అంతా ఆ మేరలోనే ఉండేలా యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న సెట్టింగ్) పెట్టడం. 29లో ఆయనకి కావాల్సినంత సౌండ్ వచ్చేస్తే 30 దాటాల్సిన అవసరమే రాదు. 18 కింద డెక్ ఎత్తే బాస్ చెవికి కావాల్సిందే, దాన్ని అలాగే వదిలేశాం.

ఏమేం వేశాం

ముందు డోర్లకి ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ సెట్, అంటే కింది, మధ్య స్వరాలకి వూఫర్, పైస్వరాలకి ట్వీటర్ విడివిడిగా. ట్వీటర్ సిల్క్ డోమ్ రకం. లోపలే డీఎస్‌పీ ఉన్న ఆరు చానళ్ళ క్లాస్ డి యాంప్, చానల్‌కి 75 వాట్లు. రెండు చానళ్ళు ట్వీటర్లకి, రెండు వూఫర్లకి, మిగిలిన రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒక్కటిగా కలిపి, పది అంగుళాల సబ్‌వూఫర్‌కి. సబ్‌వూఫర్ డిక్కీలో ఎడమ మూల సీల్డ్ బాక్స్‌లో కూర్చుంది, సూట్‌కేసులకి అడ్డం లేదు. బాస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డోర్‌లోని ఆరున్నర అంగుళాల స్పీకర్‌ని ఆ పని కూడా చేయమంటే దాని మధ్య స్వరాలు చెడతాయి. సబ్‌వూఫర్ పెట్టింది డోర్ల బరువు దించడానికి, కారు ఊపడానికి కాదు.

వెనక స్పీకర్లు ముట్టుకోలేదు. వాటికి డెక్ పవరే నడుస్తుంది. వెనక కూర్చునేవాళ్ళకి ఆ మాత్రం చాలు, ముందు సీటు వాళ్ళకి అవి అవసరమే లేదు. మొత్తం బిల్లు డెబ్బై వేల లోపు. అందులో పెద్ద వాటా యాంప్‌కి, ఆ తర్వాతి వాటా డోర్ల పనికి. స్పీకర్లకి పెట్టింది మూడో స్థానం. ఈ వరస నేను కావాలని పెట్టిందే.

డోర్లు

డోర్ ప్యాడ్ విప్పితే లోపల పల్చటి పాలిథీన్ షీటు, దాని అంచుల్లో నల్లటి జిగురు. షీటు ఒలిస్తే లోపలి రేకులో చేయి దూరేంత కంతలు రెండు మూడు, వాటిలోంచి గ్లాస్ మోటారు, లాక్ రాడ్లు కనిపిస్తాయి. బయటి రేకుని వేలితో కొడితే ఖంగుమని మోగింది. స్పీకర్ ముందుకు తోసే గాలి ఒకటి, వెనక్కి తోసే గాలి ఒకటి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. కంతలు తెరిచి ఉంటే వెనక గాలి చుట్టూ తిరిగొచ్చి ముందు గాలిని చంపేస్తుంది, ముఖ్యంగా బాస్‌లో. ఇరవై వేల స్పీకర్ తెచ్చి ఇలాంటి డోర్‌లో బిగిస్తే, ఒక పక్క చర్మం చిరిగిన మృదంగం మీద విద్వాంసుణ్ణి కూర్చోబెట్టినట్టే.

బయటి రేకుకి బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు అంటించాం. రేకంతా కప్పక్కర్లేదు. మోగే మధ్యభాగం మీద నాలుగో వంతు, మూడో వంతు కప్పితే మోత ఆగుతుంది, ఆపైన వేసేది ఎక్కువగా బరువే. అంటించేముందు రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. వేలితో నొక్కి వదిలేసిన షీటు వేసవికి ఊడొస్తుంది. ధర తక్కువని తారు షీట్లు వేసే షాపులున్నాయి. మే నెలలో విజయవాడ ఎండలో నిలబెట్టిన కారు డోర్లో అవి మెత్తబడి వాసనొస్తాయి. ఆ ఎండకి బ్యూటైల్ ఆగుతుంది, తారు ఆగదు.

లోపలి రేకు కంతల్ని సన్నటి అల్యూమినియం పలకలతో మూసి, వాటి మీద షీటు వేశాం. పలకలు స్క్రూల మీద ఉన్నాయి, రేపు గ్లాస్ మోటారు పోతే మెకానిక్ విప్పుకోవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. ఒకటి, వానలో కిటికీ సందులోంచి నీళ్ళు డోర్ లోపలికి దిగడం మామూలే. కింద అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి అవి బయటికి పోతాయి. ఆ రంధ్రాలు మూస్తే డోర్ లోపల నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది. రెండు, కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన ప్రెషర్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు డోర్లో గాలి ఒత్తిడి పెరగడాన్ని బట్టి అది పనిచేస్తుంది. సెన్సర్ ఉందేమో ముందు సర్వీస్ మాన్యువల్లో చూశాం. ఈ కారులో లేదు కాబట్టే కంతలు మూశాం. ఉన్న బండి అయితే డోర్ మూసే పని ఇలా చేయను, ఎవరు అడిగినా సరే.

స్పీకర్ కింద రింగులు పీవీసీ షీటు కోయించి వేశాం. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి పలక) రింగులు చవకే, కానీ రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతాయి. బిగించేముందు గ్లాసు పూర్తిగా దించి అయస్కాంతానికి తగలట్లేదని చూసుకోవాలి. ప్యాడ్ వెనక క్లిప్పులకి, లాక్ రాడ్లకి ఫెల్ట్ టేపు చుట్టాం. పని అయ్యాక అదే చోట వేలితో కొడితే డబ్‌మని చిన్న మోత, అంతే. మాస్టారు డోర్ వేసి చూసి “ఇది వేరే బండి డోరులా ఉందే” అన్నారు.

వైరింగ్

కంపెనీ హార్నెస్‌లో (వైర్ల కట్టలో) ఒక్క వైరు కూడా కోయలేదు. డెక్ వెనక కప్లర్‌కి సరిపడే మగ, ఆడ కప్లర్లు తెచ్చి మధ్యలో టీ హార్నెస్ కట్టాం. ముందు స్పీకర్ సిగ్నల్ యాంప్‌కి వెళ్తుంది, మిగతా వైర్లన్నీ ఎప్పటిలా దాటిపోతాయి. వారంటీ పని పడితే అది లాగేసి పాత స్థితికి తెచ్చేయొచ్చు.

డెక్ స్పీకర్ వైర్ల గురించి తెలియనివాళ్ళు చేసే ఒక పని డెక్‌నే కాల్చేస్తుంది. ఈ చిప్‌లలో ప్లస్, మైనస్ రెండు వైర్లూ సిగ్నల్‌ని మోస్తాయి, రెంటి మీదా ఆరేడు వోల్టుల డీసీ ఉంటుంది. మైనస్ అనుకుని దాన్ని బాడీ ఎర్త్‌కి కలిపితే చిప్ పోతుంది. యాంప్‌కి హైలెవల్ ఇన్‌పుట్ (డెక్ స్పీకర్ వైర్లని నేరుగా తీసుకునేది) ఉంటే రెండు వైర్లూ దానికే ఇవ్వాలి. ఆ డీసీని గుర్తుపట్టే ఏర్పాటున్న యాంప్ అయితే తనంతట తాను ఆన్ అవుతుంది, రిమోట్ వైరు కోసం వెతకక్కర్లేదు. కొన్ని డెక్‌లు స్పీకర్ కనపడకపోతే ఆ చానల్ ఆపేస్తాయి. దీనికి ఆ బెడద లేదు, ఉంటే చిన్న లోడ్ రెసిస్టర్ పెట్టేవాళ్ళం.

పవర్ కేబుల్ లెక్క: ఆరు చానళ్ళు, 75 వాట్లు, మొత్తం 450. క్లాస్ డి సామర్థ్యం ఎనభై శాతం వేసుకుంటే లాగేది 560 వాట్లు, 14.4 వోల్టుల దగ్గర 39 ఆంపియర్లు. పాటకి సగటున అందులో మూడో వంతు కూడా పట్టదు, అయినా కేబుల్ పూర్తి లెక్కకే వేయాలి. 10 స్క్వేర్ ఎమ్‌ఎమ్ అసలు రాగి కేబుల్, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే 40 ఆంపియర్ల ఫ్యూజు. మార్కెట్లో రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ విపరీతంగా దొరుకుతోంది. తీగని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఆ కేబుల్ అదే సైజులో అంత కరెంటు మోయలేదు. ఎర్త్ పాయింట్ దగ్గర పెయింటు గీకి రేకు తేల్చి బిగించాం.

ట్వీటర్ వైరు ముందు అద్దం పక్కనుండే స్తంభంలోంచి (“ఎ” పిల్లర్) వెళ్ళాలి. అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగాకే పిల్లర్ కవర్ విప్పాం, వైరుని బ్యాగ్ వెనకనుంచి పంపాం. ముందునుంచి పంపితే బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డం పడుతుంది.

ట్యూనింగ్

కంపెనీ ట్వీటర్ వెనక 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఉంది. 4 ఓమ్‌ల ట్వీటర్‌తో లెక్క కడితే 8.5 కిలోహెర్ట్జ్ పైనుంచే అది గట్టిగా పలుకుతుంది. అంటే గొంతు మొత్తం, అక్షరాల స్పష్టత సహా, డోర్ కింద ఉన్న స్పీకర్ నుంచే వస్తోంది. ఆ స్పీకర్ పైస్వరాల్ని తన ముక్కు సూటిగా తప్ప పక్కలకి పంపలేదు. “కుడి మోకాలి దగ్గర్నుంచి” అన్నదానికి సగం కారణం ఇది. కొత్త సెట్‌లో వూఫర్‌కి 70 హెర్ట్జ్ నుంచి 2.8 కిలోహెర్ట్జ్ దాకా, ట్వీటర్‌కి ఆపైన అంతా ఇచ్చాం. ఇలా స్వరాల్ని పంచే ఫిల్టర్‌నే క్రాసోవర్ అంటారు. ఇక్కడ వాడింది లింక్‌విట్జ్-రైలీ రకం, ఆక్టేవ్‌కి 24 డీబీ. గొంతు డాష్‌బోర్డు ఎత్తుకి లేచింది.

ట్వీటర్‌ని యాంప్ చానల్‌కి నేరుగా కలిపేటప్పుడు డీఎస్‌పీలో క్రాసోవర్ ముందే పెట్టి, ఆ తర్వాతే వైరు కలపాలి. దానికి తోడు వరసలో 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేశాం. అది 850 హెర్ట్జ్ కింద మాత్రమే అడ్డుకుంటుంది కాబట్టి పాటకి తేడా ఉండదు, ఆన్ చేసినప్పుడు వచ్చే డబ్ శబ్దం నుంచి ట్వీటర్‌ని కాపాడుతుంది.

మిగతా సగం కారణం దూరం. మనది కుడి స్టీరింగ్. డ్రైవర్ తల నుంచి కుడి డోర్ వూఫర్ 85 సెంటీమీటర్లు, ఎడమది 140. ట్వీటర్లు 95, 135. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కుడి వూఫర్ శబ్దం 1.6 మిల్లీసెకన్లు ముందొస్తుంది. వినడానికి చిన్న సంఖ్యే, కానీ ఒక మిల్లీసెకను తేడా చాలు, ముందు వచ్చిన వైపే పాట ఉందని మెదడు తేల్చేస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది. 55 సెంటీమీటర్ల తేడా అంటే 312 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా సగం అల. అక్కడ కుడి ఎడమలు ఎదురెదురై కొట్టుకుంటాయి. మగవాళ్ళ గొంతులో నిండుదనం ఉండే చోటు అదే. మాస్టారి కారులో పాత గాయకుల గొంతు పలచగా వినపడటంలో దీని పాత్ర చాలా ఉంది.

అన్నిటికంటే దూరంగా ఉన్న సబ్‌వూఫర్ 165 సెంటీమీటర్లు. దాన్ని సున్నాలో ఉంచి కుడి వూఫర్‌కి 2.33 మిల్లీసెకన్లు, ఎడమ వూఫర్‌కి 0.73, కుడి ట్వీటర్‌కి 2.04, ఎడమ ట్వీటర్‌కి 0.87 ఆలస్యం ఇచ్చాం. టేపుతో కొలిచిన లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. క్రాసోవర్ దగ్గర ఒక స్పీకర్ పోలారిటీ తిప్పి (ప్లస్, మైనస్ తారుమారు చేసి) చూస్తే అక్కడ లోతైన పల్లం రావాలి. వస్తే రెండూ కలిసి పనిచేస్తున్నట్టు. సబ్‌వూఫర్ దగ్గర టేపు లెక్క సరిపోలేదు, గ్రాఫ్ చూస్తూ సర్దాం. బయటి వీడియోలు చాలావరకు ఎడమ స్టీరింగ్ కార్లవి. అందులో చెప్పిన అంకెలు యథాతథంగా ఎక్కించుకుంటే మనకి తలకిందులవుతుంది.

గెయిన్ సంగతి. 75 వాట్లు, 4 ఓమ్‌లు, గుణించి వర్గమూలం తీస్తే 17.3 వోల్టులు. స్పీకర్లు విప్పేసి, డెక్ 29లో పెట్టి, టోన్ వేసి, స్కోప్‌లో అల తెగకుండా మీటర్లో ఆ వోల్టేజ్ వచ్చేదాకా తిప్పాం. 30 కింద డెక్ శుభ్రంగానే ఉంది కాబట్టి ఇక ఎక్కడా చెత్త కలిసే అవకాశం లేదు.

ఈక్వలైజర్‌లో ముందు డెక్ పెట్టిన వంకర్లు తీశాం: 100 హెర్ట్జ్ గుబ్బ దించి, 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ పల్లం కొంత నింపి, 8 దించాం. ఆ తర్వాతే మైకు. డ్రైవర్ తల ఉండే చోట మైకుని మెల్లగా కదిలిస్తూ సగటు తీయాలి. ఒక్క బిందువులో పెట్టి తీసిన గ్రాఫ్‌ని నమ్మి దిద్దితే తల ఇటు తిప్పగానే సౌండ్ మారిపోతుంది. కుడి ఎడమలు విడివిడిగా దిద్దాం. ఎడమ వైపు 200 హెర్ట్జ్ పైన ఒక లోతైన పల్లం ఉంది, దాన్ని నింపే ప్రయత్నం చేయలేదు. గ్లాసు, కన్సోల్ నుంచి తిరిగొచ్చే శబ్దం అక్కడ కొట్టేస్తోంది. 6 డీబీ ఎత్తాలంటే నాలుగింతల పవర్ పోయాలి, పోసినా తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది.

టార్గెట్, అంటే చివరికి రావాల్సిన గ్రాఫ్ ఆకారం, సమతలంగా పెట్టలేదు. 80 హెర్ట్జ్ కింద 8 డీబీ ఎత్తు, పైకి వెళ్ళేకొద్దీ నెమ్మదిగా దిగుడు. షెడ్డులో నిలబెట్టి వింటే బాస్ ఒక పిసరు ఎక్కువనిపిస్తుంది. రోడ్డెక్కితే టైర్ల హోరు ముందు మింగేసేది ఆ కింది స్వరాలనే, అప్పుడు సరిపోతుంది.

చివరి పరీక్షకి పాత మోనో పాటలే వాడాం. అప్పటి రికార్డింగుల్లో కుడి ఎడమల్లో ఒకే సిగ్నల్ ఉంటుంది. సెట్టింగ్ సరిగ్గా ఉంటే గొంతు స్టీరింగ్ ఎదురుగా, కొంచెం ఎడమకి, ఒకే చోట గట్టిగా నిలబడాలి. కాస్త అటూ ఇటూ సాగినా ఏదో ఒక వైపు దిద్దుబాటు తేడా ఉన్నట్టే. ఖరీదైన టెస్ట్ సీడీల కంటే ఇవే నిజం చెప్తాయి. మాస్టారు కళ్ళు మూసుకుని చరణం అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత ఒక కచేరీ పెట్టించి, తనిలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) ఎడమ చేతి దెబ్బలు లెక్కపెట్టుకుంటూ విన్నారు.

బండి ఇచ్చాక

అప్పగించేముందు చూసిన చిన్న చిన్న విషయాలు: రివర్స్ బీప్‌లు, నావిగేషన్ మాట ముందు స్పీకర్లలోంచే వస్తాయి, కొత్త పవర్‌తో మరీ ఉలిక్కిపడేలా ఉన్నాయి, డెక్ సెట్టింగ్‌లో వాటి వాల్యూమ్ దించాం. ఫోన్ చేసి అవతలివాళ్ళకి ఎకో వస్తోందేమో అడిగాం, రాలేదు. బండి ఆపి లాక్ చేశాక డెక్ పూర్తిగా పడుకునేదాకా ఆగి, బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలిచాం. 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉంది. అంతకు మించితే కొన్ని రోజులు కదలని బండి స్టార్టవదు. డెక్ సెట్టింగులన్నీ ఫోటో తీసి మాస్టారికి పంపాం, ఎందుకంటే సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే అవి చెరిగిపోవచ్చు.

తర్వాత ఎండలు ముదిరాక డ్రైవర్ డోర్‌లో గరగరమని శబ్దం వస్తోందని ఫోన్ చేశారు. కిటికీ స్విచ్‌ల ప్యానెల్ ప్లాస్టిక్ వేడికి సాగి ప్యాడ్‌కి కొట్టుకుంటోంది. 70 నుంచి 200 దాకా నెమ్మదిగా స్వీప్ వేసి, మోగే స్వరం దగ్గర ఆపి, చేత్తో ఒక్కో భాగం నొక్కి పట్టుకుంటే దొరికింది. ఫెల్ట్ టేపుతో పోయింది.

ఇంకో మాట మాస్టారి భార్య గారి నుంచి వచ్చింది. ఎడమ సీట్లో కూర్చుంటే పాటంతా తన పక్క డోర్లోనే ఉందట. నిజమే, ఆలస్యాలన్నీ డ్రైవర్ సీటు కోసం పెట్టినవి, అవతలి సీటుకి తేడా ఇంకా పెరుగుతుంది. రెండు సీట్లకీ ఒకేసారి కచ్చితంగా కుదరదు. డీఎస్‌పీలో రెండో ప్రీసెట్ చేసి, కుడి ఎడమల మధ్య ఆలస్యం తీసేసి, లెవల్స్ సమానం చేసి ఇచ్చాను. గొంతు ఎవరికీ నట్టనడుమ ఉండదు, ఎవరికీ పూర్తిగా పక్కకీ పోదు. ఇద్దరూ వెళ్ళేటప్పుడు అదే వాడుతున్నారు.

ఇప్పుడు వెనక డోర్లకి కూడా డ్యాంపింగ్ వేయమని అడుగుతున్నారు, హోరు ఇంకా తగ్గుతుందేమోనని. కొంచెం తగ్గుతుంది. కానీ ఈ బండిలో హోరు ఎక్కువగా ఫ్లోర్ నుంచి, వీల్ ఆర్చ్‌ల నుంచి వస్తోంది. టైర్లు మార్చే టైం వచ్చినప్పుడు శబ్దం తక్కువ చేసే రకం చూసుకోండి, డోర్ల మాట ఆ తర్వాత చూద్దాం అని చెప్పాను.